సున్నము: దాని గుణములును, తయారుచేయు విధమును

రైతు యింట సున్నముతో పని లేని దినములు తక్కువ. తాంబూలమునకు సున్నము, గోడలకు వెల్లవేయుటకు సున్నము, పశువుల కొట్టమును శుభ్రపఱచుటకు సున్నము, తోటల తెగుళ్ళకు చల్లు మందులో సున్నము. ఇంతగా అలవాటుపడిన వస్తువగుటచేతనే దాని గుణములను విచారించువారు అరుదు. అంగడిలో సున్నమను పేర అమ్మబడు తెల్లని పొడి యంతయు నొక్కటి కాదు. కొన్న దినమున మేలైన సున్నము కొన్ని వారములలో వేఱొక వస్తువుగా మాఱిపోవచ్చును. చూపునకు మాత్రము తెలుపు తెలుపుగనే యుండును. ఈ భేదము నెఱుగక మందు కలిపిన రైతు మైలుతుత్తమునకు పెట్టిన సొమ్మును, కూలిని, ఒక్కొక్కప్పుడు తోటలోని లేతయాకును గూడ పోగొట్టుకొనును. కావున సున్నమెట్లు పుట్టునో, ఎట్లు మాఱునో, ఏ పనికి ఏ సున్నము తగునో యీ క్రింద వివరింపబడుచున్నది.

1. సున్నమనగా నేమి?

ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కూడి త్రుప్పగుట రైతు లెఱిగినదే. అటులనే కాల్షియమను లోహము ప్రాణవాయువుతో కూడినపుడు ఏర్పడు పదార్థమే కాల్చిన సున్నము. ఈ లోహము ఇతర పదార్థములతో మిక్కిలి త్వరగా కూడునది యగుటచే ప్రకృతిలో ఒంటరిగా దొరకదు. సున్నమే ఒక మూలపదార్థమని శాస్త్రజ్ఞులు చాలకాలము తలచియుండిరి. ఇంగ్లాండులో హంఫ్రీ డేవీ అను నాతడు 1808 లో విద్యుచ్ఛక్తి సహాయమున అందలి లోహమును వేఱుచేసి చూపెను.

భూమిలో సున్నము బొగ్గుపులుసు వాయువుతో కలిసి రాయిరూపమున నుండును. సున్నపురాయి, సుద్ద, నత్తగుల్లలు, ఆలిచిప్పలు, రేగడినేలలో కానవచ్చు తెల్లని కంకర, ఇవియన్నియు నొక్క జాతివే. పల్నాటి సీమలో సున్నపురాయి విస్తారముగా కలదు. అందలి పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. కడప ప్రాంతపు నార్జి రాయియు, తాండూరు బండలును, పూర్వపు హైదరాబాదు సంస్థానములో చేరియుండి యిప్పుడు కర్ణాటకములో నున్న షాబాదు బండలును సున్నపురాళ్ళే. పులికాటు సరస్సు ప్రాంతమున గుల్లలను కాల్చి సున్నము చేసెడివారు. రాతినుండి వచ్చినది రాతిసున్నము, గుల్లనుండి వచ్చినది గుల్లసున్నము. రాతిలో బంకమన్నును ఇసుకయు నెంత తక్కువయో సున్నము అంత మేలు.

2. సున్నపు మూడు అవస్థలు

సున్నము మూడు అవస్థలలో నుండును. ఈ మూటిని వేఱుపఱచి తెలిసికొనుటయే యీ విషయమున ముఖ్యము.

మొదటిది కాల్చిన సున్నము. రాతిని బాగుగా కాల్చినపుడు అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి మిగిలినది ఇది. రెండవది తడిపిన సున్నము. కాల్చిన సున్నము నీటిని గ్రహించి పొడియైనది ఇది. మూడవది చప్పబడిన సున్నము. తడిపిన సున్నము గాలిలో నుండి బొగ్గుపులుసు వాయువును మఱల గ్రహించి తిరిగి సుద్దయైనది ఇది.

ఈ మార్పుల లెక్క తూకములో స్పష్టముగా కనబడును. 100 కిలోల శుద్ధమైన సున్నపురాతిని కాల్చిన 44 కిలోల వాయువు పోయి 56 కిలోల కాల్చిన సున్నము మిగులును. ఈ 56 కిలోలు 18 కిలోల నీటిని త్రాగి 74 కిలోల తడిపిన సున్నమగును. అది పూర్తిగా చప్పబడిన యెడల మఱల 100 కిలోలగును. రాతిని కాల్చునపుడు తఱుగు తూకము గాలిరూపమున పోవుచున్నదని త్రాసుతో తూచి నిరూపించినవాడు స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాక్. ఆయన తన పరిశోధనలను 1756 లో ప్రకటించెను.

ఈ లెక్క రైతునకు సొమ్ముతో కూడిన సంగతి. సున్నమును తూకమున కొనువాడు కాల్చిన సున్నమునకు బదులు తడిసిన సున్నమును తెచ్చుకొన్నచో ప్రతి 74 కిలోలలో 18 కిలోల నీటికి వెల యిచ్చినవాడగును. చప్పబడినదానిని తెచ్చుకొన్నచో 100 కిలోలలో 44 కిలోల గాలికి వెల యిచ్చినవాడగును.

చప్పబడుట యెల్లపుడు దోషము కాదు. బావికట్టునందు గానుగసున్నము తొలుత మెత్తగా నుండి కాలక్రమమున రాయివలె గట్టిపడుటకు కారణ మిదియే. గాలిలోని వాయువు మెల్లమెల్లగా చేరి ఆ సున్నమును మఱల రాయిగా మార్చును. గోడలో మేలు చేయు మార్పే మందులో కీడు చేయును.

3. గుణములు

కాల్చిన సున్నము తెల్లగనో, కొంచెము బూడిదవన్నెగనో యుండు గడ్డ. మామూలు పొయ్యివేడిమికి అది కరగదు. మిక్కుటముగా కాచినపుడు కన్నులు మిఱుమిట్లు గొలుపు వెలుగు నిచ్చును. విద్యుద్దీపములు వ్యాపింపక మునుపు ఐరోపా నాటకశాలలలో ఈ వెలుగునే వాడిరి.

నీరు తగిలినపుడు కాల్చిన సున్నము బుసబుసమని పొంగి, పగిలి, ఆవిరి వెడలునంతటి వేడిమిని పుట్టించును. ఎండుగడ్డిలో ఉంచిన సున్నపు గడ్డలకు నీరు తగిలిన నిప్పంటుకొను ప్రమాదము కలదు.

తడిపిన సున్నము నీటిలో స్వల్పముగనే కరగును. ఒక లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాములకు మించి కొంచెము మాత్రమే కరగును. వేడినీటిలో అంతకంటె తక్కువ. ఇట్లు కరగి పైకి తేరినదే సున్నపుతేట. దానిని తెఱచియుంచిన పైన పలుచని పొర కట్టును. ఆ పొర చప్పబడిన సున్నమే.

సున్నము పులుపునకు విరోధి. పుల్లని పదార్థముల పులుపును అది చంపును. పసుపును ఎఱ్ఱగా మార్చును. చర్మమును, కన్నులను దహించును. తోళ్ళను శుద్ధిచేయువారు వెండ్రుకలు ఊడుటకు దీనినే వాడుదురు. పశువుల ఎరువుతో కలిసినపుడు అందలి నత్రజనిని ఘాటైన వాసనగల అమోనియా వాయువుగా వెడలగొట్టును. ఆ వాసన రైతు ఎరువులోని సారము గాలిపాలగుచున్నదనుటకు గుఱుతు.

4. కాల్చు విధము

సున్నపురాయి సున్నముగా మాఱుటకు సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి కావలయును. వేడిమితోపాటు వెడలిన వాయువు బయటికి పోవుటకు గాలి దారియు నుండవలయును. దారి లేనిచో వాయువు రాతిలో మఱల చేరును.

బట్టీని సాధారణముగా ఎత్తైన గుండ్రని కట్టడముగా కట్టుదురు. రాతిని ఇంచుమించు సమానమైన ముక్కలుగా పగులగొట్టవలయును. పెద్దవియు చిన్నవియు కలిసినచో చిన్నవి మాడిపోవును, పెద్దవాని నడుమ పచ్చిరాయి మిగులును. రాతిముక్కలను, బొగ్గును వరుస వెంబడి వరుసగా పేర్చి, అడుగున నిప్పంటించి, క్రింది ద్వారమున గాలి పోవునట్లు చేయుదురు. కాలిన గడ్డలను అడుగునుండి తీయుచు, పైనుండి క్రొత్త రాతిని బొగ్గును వేయుచు బట్టీని ఎడతెగక నడపవచ్చును. కట్టెలతో కాల్చునపుడు మంట రాతినడుమ నుండి పోవునట్లు పేర్చుదురు.

రాయి చాలినంత కాలనిచో నడుమ బరువైన గుండు మిగులును. మితిమీఱి కాలినచో గడ్డ బిగిసి, నీటిలో ఆలస్యముగా విచ్చును. అట్టిదానిని త్వరపడి పూతలో వాడిన తర్వాత గోడలోనే విచ్చి పూతను పొక్కించును.

బట్టీనుండి వెడలు బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువైనది. నిప్పు సరిగా మండనపుడు అంతకంటె ప్రమాదకరమైన విషవాయువును పుట్టును. చలికాలమున వెచ్చదనమునకై బట్టీ ప్రక్కను, గాలి యాడని పల్లములోను నిదురించుట ప్రాణాపాయకరము. కూలివాండ్రను అట్లు పరుండనీయరాదు.

5. మేలు సున్నమును గుర్తించుట

సున్నమును గడ్డరూపముననే కొనవలయును. పొడిసున్నములో ఏది యెంత కలదో కంటితో చెప్పుట కుదరదు. గడ్డ తేలికగా నుండవలయును. అదే పరిమాణముగల సున్నపురాతిని రెండవ చేతితో పట్టి చూచిన భేదము తెలియును.

తరువాత గుప్పెడంత గడ్డను మట్టిమూకుడులో నుంచి కొంచెము కొంచెముగా నీరు చల్లి దూరముగా నిలిచి చూడవలయును. మేలు సున్నము కొద్ది నిమిషములలో వేడెక్కి, బీటలువాఱి, ఆవిరి నిచ్చి, మెత్తని పొడిగా విరియును. వేడెక్కనిది చప్పబడినది, లేక సరిగా కాలనిది. మిగిలిన రాళ్ళను ఏఱి తూచిన ఎంత పచ్చిరాయి కలిసినదో తేలును.

మఱియొక పరీక్ష కలదు. తడిపి చల్లార్చిన పొడిమీద నిమ్మరసము పిండి చూడవలయును. మేలు సున్నము నుండి బుడగలు రావు. చప్పబడిన సున్నము గాని పచ్చిరాతి పొడి గాని కలిసియున్నచో నురుగువలె బుడగలు వచ్చును. ఆ బుడగలు చేరియున్న బొగ్గుపులుసు వాయువే.

6. తడుపుటయు, నిలువచేయుటయు

సున్నమును మట్టితొట్టిలో గాని కట్టుతొట్టిలో గాని తడుపవలయును. సన్నని మూతిగల పాత్రలో తడిపినచో పొంగి మీదికి చిమ్మును. గడ్డలపై తొలుత కొంచెము నీరు చల్లి, విరియుట ఆరంభమైన పిదప మఱికొంచెము చేర్చుచు, కఱ్ఱతో కలియబెట్టవలయును. ఒక్కసారిగా చన్నీటిలో ముంచిన గడ్డలు కొన్ని లోపల విరియక నిలిచిపోవును.

కాల్చిన గడ్డలను తేమ తగులని మూతబిగువు గల డబ్బాలలో నుంచి త్వరగా వాడవలయును. ఎక్కువకాలము నిలువ కావలసినచో తడిపి ముద్దచేసి, పైన నాలుగు వ్రేళ్ళ ఎత్తు నీరు నిలిచియుండునట్లు కుండలో గాని గోతిలో గాని ఉంచవలయును. పైనున్న నీరు గాలిని చేరనీయదు కావున అడుగునున్న ముద్ద చప్పబడదు. గోనెసంచిలో మూల నుంచిన సున్నము మాత్రము దినదినమును చప్పబడుచుండును.

7. తోటలకు బోర్డో మిశ్రమము

సున్నపు మంచిచెడ్డలు రైతునకు ప్రత్యక్షముగా తెలియు చోటు ఇది. ఫ్రాన్సు దేశమున బోర్డో నగర ప్రాంతపు ద్రాక్షతోటల వారు బాటసారులు పండ్లు కోయకుండుటకై బాటప్రక్క తీగెలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లెడివారు. ఆ తీగెలకు బూజుతెగులు సోకకుండుటను 1882 లో మిలార్డే అను ఆచార్యుడు గమనించి, పరీక్షలు జరిపి, 1885 లో ఆ మందును లోకమునకు తెలిపెను. మన దేశమున మైసూరు సంస్థానపు మలెనాడులో పోకతోటలను కొళెరోగము పీడించుచుండగా, లెస్లీ కోల్మన్ అను శాస్త్రజ్ఞుడు ఆ తెగులును పరిశోధించి 1910 లో ప్రకటించెను. గెలలపై ఈ మిశ్రమమును చల్లు పద్ధతి అచట వ్యాపించెను. ఇప్పటికిని పోకతోటలయందు వానలకు ముందు ఈ మందును చల్లుదురు.

నూటికి ఒక పాలు గల మిశ్రమమునకు మైలుతుత్తము 1 కిలో, కాల్చిన సున్నము 1 కిలో, నీరు 100 లీటర్లు కావలయును. కొద్ది మొక్కలకైనచో 100 గ్రాములు, 100 గ్రాములు, 10 లీటర్లు.

మైలుతుత్తమును గుడ్డలో మూటకట్టి 50 లీటర్ల నీటి పైభాగమున మునుగునట్లు వ్రేలాడదీసిన రాత్రికి కరగును. వేఱొక తొట్టిలో సున్నమును తడిపి, చల్లారిన పిదప 50 లీటర్ల నీటిలో కలిపి పలుచని గుడ్డతో వడకట్టవలయును. మట్టి, కఱ్ఱ, ప్లాస్టిక్కు పాత్రలే వాడవలయును. మైలుతుత్తము ఇనుమును, జింకుపూత గల బాల్చీలను తినివేయును. రెండు నీళ్ళను ఒకేసారి సన్నధారలుగా మూడవ పాత్రలో పోయుచు కలియబెట్టవలయును. మూడవ పాత్ర లేనిచో మైలుతుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయవచ్చును; సున్నపు నీటిని మైలుతుత్తపు నీటిలో పోయరాదు. సున్నము వేడిగా నుండగా కలుపరాదు. సరిగా కలిసిన మందు ఆకాశపు నీలివన్నెతో నుండును.

పిమ్మట మెఱుగుపెట్టిన చాకును మందులో ఒక నిమిషముంచి తీసి చూడవలయును. దానిపై ఎఱ్ఱని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని యర్థము. అట్టి మందును చల్లినచో ఆకులు మాడును. పూత పట్టకుండువఱకు సున్నపు నీటిని కొంచెము కొంచెముగా చేర్చవలయును. చప్పబడిన సున్నముతో చేసిన మందు సాధారణముగా ఈ పరీక్షకు నిలువదు. ముతక కణములుగా విడి, ఆకునకు సరిగా అంటదు. తాజాగా తడిపిన పొడిసున్నము మాత్రమే దొరకినచో కిలోకు బదులు సుమారు 1 కిలో 320 గ్రాములు వేయవలయును. ఇది పైని 56, 74 లెక్కనుండి వచ్చినదే.

ఈ మందును కలిపిన దినముననే వాడవలయును. ఇది తెగులు రాకుండ కాపాడునది గాని వచ్చిన తెగులును మాన్పునది కాదు. ఇతర పురుగుమందులతో కలుపరాదు. ఏండ్ల తరబడి మితిమీఱి చల్లినచో రాగి నేలలో నిలిచిపోవును గనుక అవసరమును బట్టియే చల్లవలయును. నల్లగొండ బత్తాయికిని, అనంతపురపు చీనీకిని మొదట బంక కారు తెగులు కనబడినపుడు చెడిన బెరడును గోకివేసి, మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో, నీరు 10 లీటర్ల లెక్కను చేసిన ముద్దను పూయుదురు.

8. నేలకు సున్నము: ఎచట వలయును, ఎచట వలదు

సున్నము వేసిన ప్రతి నేలయు పండునని తలచుట పొరపాటు. పులుపు గల నేలకు మాత్రమే సున్నము మేలు. ఎక్కువ వాన కురియు మన్యపు కొండనేలలలోను, కొన్ని తేలిక ఎఱ్ఱ యిసుకనేలలలోను, ఏండ్ల తరబడి అమ్మోనియం సల్ఫేటు వేసిన నేలలలోను పులుపు చేరవచ్చును. భూసార పరీక్షలో పి.హెచ్. అను అంకె 7 అయినచో నేల సమము. అంతకు తగ్గినకొలది పులుపు హెచ్చు. అంకె 5.5 కంటె తగ్గినపుడు సున్నపు అవసరమును తప్పక విచారింపవలయును. ఎంత వేయవలయునో పరీక్షను బట్టియే నిర్ణయింపవలయును. బంకనేలకు ఎక్కువ, ఇసుకనేలకు తక్కువ పట్టును.

తెల్లని కంకర గల రేగడికి సున్నము వేయనక్కఱలేదు. అచట అది సమృద్ధిగా నున్నది. ఉన్నదానికి తోడు వేసినచో జింకు, ఇనుము మొదలగు పోషకములు పైరునకు అందక ఆకులు పసుపువాఱును. కారుచౌడునకును సున్నము మందు కాదు. దానికి జిప్సము వేసి, నీరు పెట్టి, మురుగు తీయవలయును. తెల్లచౌడులోని ఉప్పు మంచినీటితో కడిగి మురుగు తీసిననే పోవును. వేరుసెనగకు ఊడలు దిగు సమయమున కాల్షియము కావలయును గాని, అందులకు ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయుట వాడుక. కాల్చిన సున్నము వేయరాదు.

పులుపు నేలకు సున్నపురాతి పొడియే క్షేమమైనది. 100 కిలోల మెత్తని రాతిపొడి 56 కిలోల కాల్చిన సున్నముతో సమానముగా పులుపును విఱుచును. మందునకు పనికిరాక మూలబడిన చప్పబడిన సున్నము ఇచట వ్యర్థము కాదు, పొడిచేసి చల్లవచ్చును. విత్తుటకు రెండు మూడు వారములకు ముందుగా చల్లి దున్నవలయును. పశువుల ఎరువు, అమ్మోనియం సల్ఫేటు, యూరియా, సూపరు ఫాస్ఫేటు వీనిలో దేనితోను సున్నమును కలిపి వేయరాదు. మొదటి మూటిలో నత్రజని గాలిపాలగును. నాలుగవదానిలో భాస్వరము పైరునకు అందని రూపము పొందును.

9. జాగ్రత్తలు

సున్నమును తడుపునపుడును, చల్లునపుడును కన్నులకు అద్దములును, చేతులకు తొడుగులును, ముక్కునకు గుడ్డయు నుండవలయును. గాలికి ఎదురుగా నిలిచి చల్లరాదు. కంటిలో పడినచో నలుపక, రెప్పలు విప్పి, కనిపించు కణములను తీసివేసి, ధారగా మంచినీటితో ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ కడిగి వెంటనే వైద్యునికడకు తీసికొనిపోవలయును. ఆలస్యమైనచో చూపు పోవచ్చును. ఒంటిమీద పొడి పడినచో ముందు దులిపివేసి, పిమ్మట సమృద్ధిగా నీరు పోయవలయును. మైలుతుత్తము విషము, సున్నమును గాని మైలుతుత్తమును గాని పిల్లలకు, పశువులకు అందుబాటులో నుంచరాదు. కాల్చిన సున్నమును గడ్డివాములకు దూరముగా నుంచవలయును. బండిలో తెచ్చునపుడు వాన తడియకుండ కప్పవలయును.

ముఖ్యాంశములు

తోటమందునకు తాజాగా కాల్చిన గడ్డసున్నము. వెల్లకును కట్టడమునకును బాగుగా తడిపిన సున్నము. పులుపు నేలకు రాతిపొడి గాని చప్పబడిన సున్నము గాని తగును. రేగడికిని చౌడునకును సున్నము వలదు. కొనునపుడు గడ్డను నీటితోను, మందు చల్లునపుడు చాకుతోను, పొలములో వేయునపుడు భూసార పరీక్షతోను సరిచూచుకొనవలయును. ఈ మూడు పరీక్షలకు పట్టు వ్యయము స్వల్పము. వానిని మానుటవలన చెడు తోటను సరిపఱచుకొనుట ఒక్కొక్కప్పుడు ఏండ్ల పని. కావున రైతులు సున్నపు తెలుపును చూచి కాక, దాని గుణమును పరీక్షించి వాడుదురు గాక.